మాల్కం కెర్ 'ది అరబ్ కోల్డ్ వార్' చదివినవాళ్లున్నారా?

ఉత్తరాంధ్ర_పాఠకుడు

అందరికీ నమస్కారం. ఈ మధ్య అమెరికన్ ప్రొఫెసర్ మాల్కం కెర్ రాసిన 'ది అరబ్ కోల్డ్ వార్' చదివాను. మాట్లాడుకోడానికి మా ఊళ్లో ఎవరూ దొరకలేదు, అందుకే ఇక్కడ మొదలుపెడుతున్నాను.

పుస్తకం మొదటిసారి 1965లో వచ్చింది. కెర్ దాన్ని రెండుసార్లు పొడిగించాడు. 1971 నాటి మూడో కూర్పులో కథ 1970 దాకా, అంటే ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ చనిపోయేదాకా నడుస్తుంది. అంతా కలిపి రెండొందల పేజీలు కూడా ఉండవు. పేరు చూసి అమెరికా, రష్యాల గొడవలో అరబ్బులు ఎటు నిలబడ్డారో చెబుతుందనుకున్నాను. కాదు. ఇది అరబ్బులకూ అరబ్బులకూ మధ్య నడిచిన ప్రచ్ఛన్న యుద్ధం గురించి. అరబ్ రాజకీయాలంటే వాషింగ్టన్, లండన్, మాస్కో, జెరూసలేంలలో జరిగిన నిర్ణయాలకు నీడ మాత్రమే అనే భ్రమ పోగొట్టాలన్నది తన ఉద్దేశమని ముందుమాటలోనే చెప్పేస్తాడు.

ఒక పక్క ఈజిప్టు, సిరియా, ఇరాక్ లాంటి విప్లవ ప్రభుత్వాలు, ఇంకో పక్క సౌదీ, జోర్డాన్ రాజులు. ఈ పంపకం అందరికీ తెలిసిందే. కెర్ చూపించేది దాని కింద ఉన్న సంగతి. అసలు గొడవలన్నీ ఒకే జెండా మోసేవాళ్ల మధ్యే. 1958 జులై 14న ఇరాక్‌లో రాజును కూలదోసి అబ్దుల్ కరీం ఖాసిం వచ్చాడు. నాసర్‌కి ఇంతకన్నా శుభవార్త ఏముంటుంది అనుకుంటాం. ఏడాది తిరక్కుండానే కైరో రేడియో జోర్డాన్ రాజును తిట్టినదానికన్నా ఎక్కువగా ఖాసింను తిట్టిపోస్తోంది! 1963లో బాత్ పార్టీ ఇరాక్‌లోనూ సిరియాలోనూ గద్దెనెక్కింది. వాళ్లూ అరబ్ ఐక్యతే అంటారు, నాసరూ అదే అంటాడు. నాలుగు నెలల్లో బద్ధశత్రువులయ్యారు.

రాజులతో నాసర్ సర్దుకుపోగలడు, ఎందుకంటే వాళ్లు అతని కుర్చీకి పోటీ కాదు. "అరబ్బులందరూ ఒక్కటే" అనేవాడు ఇంకొకడు పుట్టుకొస్తేనే చిక్కు. అందరూ ఒక్కటే అయితే నాయకుడు కూడా ఒక్కడే ఉండాలి కదా. నాకు పుస్తకం మొత్తంలో అర్థమైన సారం ఇది. మీరేమంటారు?

---

సివిల్స్_పక్షి

అన్నా, నేను పొలిటికల్ సైన్స్ ఆప్షనల్. కోచింగ్ నోట్సులో కెర్ పేరు ఒక్క లైనులో ఉంది, అంతే. ముందు ఒక బేసిక్ డౌట్. బాత్ వాళ్లకీ నాసర్ వాళ్లకీ అసలు తేడా ఏంటి? ఇద్దరూ సోషలిజం, ఇద్దరూ అరబ్ ఐక్యత, ఇద్దరూ సామ్రాజ్యవాదానికి వ్యతిరేకం. పరీక్షలో అడిగితే ఏం రాయాలి?

---

విశ్రాంత_మాస్టారు

పక్షీ, తేడా సిద్ధాంతంలో వెతికితే పెద్దగా దొరకదు నాయనా. బాత్ అనేది పార్టీ. డమాస్కస్‌లో మిషెల్ అఫ్లక్, సలాహ్ అల్ దీన్ బితార్ అనే ఇద్దరు టీచర్లు మొదలుపెట్టారు. ముందు పార్టీ, ముందు సిద్ధాంతం, తర్వాత అధికారం. నాసర్‌ది అంతా తిరగేసిన వరస. 1952లో సైన్యంతో అధికారంలోకి వచ్చాడు, సిద్ధాంతం దారిలో కూడబెట్టుకున్నాడు. అతనికి పార్టీలంటేనే గిట్టదు. బాత్ వాళ్లేమో ఐక్యతకు మేమే మెదడు, నాసర్ మా కండబలం అనుకున్నారు. నాసర్ అలా అనుకోలేదు.

1958 జనవరిలో సిరియా సైనికాధికారులు విమానమెక్కి కైరో వెళ్లి, మా దేశాన్ని మీ దేశంలో కలుపుకోండి అని నాసర్‌ని అడిగారు. చరిత్రలో ఇలాంటివి అరుదు. నాసర్ షరతులు పెట్టాడు. పార్టీలన్నీ రద్దు కావాలి, పూర్తి విలీనం కావాలి. బాత్ కూడా రద్దయింది, ఒప్పుకుని మరీ! ఫిబ్రవరికల్లా ఐక్య అరబ్ గణతంత్రం ఏర్పడింది. మీరు ఎలాంటి జనాన్ని నెత్తికెత్తుకున్నారో మీకు తెలీదు, వీళ్లలో సగం మంది తాము జాతి నాయకులమని అనుకుంటారు, పావువంతు ప్రవక్తలమనుకుంటారు అని దిగిపోతున్న సిరియా అధ్యక్షుడు షుక్రీ కువత్లీ నాసర్‌తో అన్నాడని చెప్పుకుంటారు.

మూడున్నరేళ్లకు, 1961 సెప్టెంబర్ 28న, సిరియా సైన్యమే తిరగబడింది. సిరియాలో నాసర్ ప్రతినిధిగా ఉన్న ఫీల్డ్ మార్షల్ ఆమెర్‌ను విమానమెక్కించి కైరో పంపేశారు. విడిపోవడాన్ని సమర్థించే ప్రకటన మీద సంతకం పెట్టినవాళ్లలో బితార్ కూడా ఉన్నాడు. నాసర్ ఆ సంతకాన్ని చచ్చేదాకా మర్చిపోలేదు. పరీక్షలో ఇది రాయి.

---

ఉత్తరాంధ్ర_పాఠకుడు

మాస్టారూ, ఆ సంతకం తర్వాతి కథే ఈ పుస్తకానికి గుండెకాయ. 1963 మార్చి, ఏప్రిల్‌లలో కైరోలో ఈజిప్టు, సిరియా, ఇరాక్ నాయకులు మళ్లీ ఐక్యత కోసం కూర్చున్నారు. ఆ సమావేశాల్లో ఎవరేం మాట్లాడారో మాటకు మాట రాయించి పెట్టారు. పొత్తు చెడ్డాక కైరో వాటన్నిటినీ బయటపెట్టేసింది. కెర్‌కి బంగారు గని దొరికినట్టయింది. అంతర్జాతీయ సంబంధాల పుస్తకాల్లో "రాజ్యాలు", "ప్రయోజనాలు", "వ్యవస్థ" అని గాలిలో మాట్లాడతారు చూడండి, ఇక్కడ అలా కాదు. గదిలో ఎవరు ఎవరి వైపు చూసి ఏమన్నారో తెలుస్తుంది.

విడిపోయిన అన్నదమ్ములు మళ్లీ ఉమ్మడి కాపురం పెడదామని కూర్చుని, పాత లెక్కలు తీసి ఒకరినొకరు దులిపేసుకున్నట్టే ఉంటుంది ఆ అధ్యాయం. నాసర్ మొదటి నుంచీ జడ్జిలా కూర్చుంటాడు. 1961లో మీరు సంతకం ఎందుకు పెట్టారు, 1959లో మీ మంత్రులు ఎందుకు రాజీనామా చేశారు, ఇప్పుడు సిరియాని ఏలుతున్నది ఎవరు అంటూ ఒక్కొక్కటీ తవ్వుతాడు. సిరియాతో ఐక్యత అంటే సిద్ధమే గానీ బాత్ పార్టీతో అంటే మాత్రం మాట్లాడేదే లేదు అని ముఖం మీదే చెబుతాడు. రెండు బాత్ ప్రభుత్వాల మధ్య అడకత్తెరలో పోకచెక్క అవుతానేమోనని అతని భయం. ఓట్లు వేస్తే రెండు ఒకటి కదా మరి! అవతల అఫ్లక్, అన్నేళ్లుగా ఐక్యత మీద పేజీలకు పేజీలు రాసిన తత్వవేత్త, ఎదురుగా కూర్చుని గట్టిగా నాలుగు మాటలు చెప్పలేక నీళ్లు నములుతుంటాడు.

ఏప్రిల్ 17న ముగ్గురూ ఒప్పందం ప్రకటించారు. సంతకాల సిరా ఆరకముందే డమాస్కస్‌లో బాత్ వాళ్లు సైన్యంలోని నాసర్ మనుషులను ఏరేయడం మొదలుపెట్టారు. జులై 18న వాళ్లు తిరుగుబాటు చేశారు, అది అణిగిపోయింది, చాలామందిని కాల్చి చంపారు. నాలుగు రోజుల తర్వాత, విప్లవ వార్షికోత్సవ సభలో, బాత్‌తో ఇక పొత్తు లేదని నాసర్ చెప్పేశాడు. ఒప్పందం బతికింది మూడు నెలలు.

నవ్వొస్తుంది, కాస్త భయమూ వేస్తుంది. కెర్ రాతలో ఆ రెండూ ఉన్నాయి.

---

ఎర్రమందారం

బాగా రాశారు. కానీ నాకు ఈ పుస్తకం మీద పాత అనుమానం ఒకటుంది. "మీ గొడవలకు మీరే కారణం" అని ఒక అమెరికన్ ప్రొఫెసర్ అరబ్బులకు చెప్పడం ఎవరికి అనుకూలం?

లెక్క చూడండి. 1955లో సోవియట్‌కు వ్యతిరేకంగా బాగ్దాద్ ఒప్పందం అనే సైనిక కూటమి ఎవరు పెట్టించారు? 1956లో సూయెజ్ మీద దాడి చేసింది ఎవరు? 1957లో కమ్యూనిజాన్ని ఆపే పేరుతో మధ్యప్రాచ్యంలో అమెరికా జోక్యానికి దారి తీసిన ఐసెన్‌హోవర్ సిద్ధాంతం వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో ప్రభుత్వాన్ని కూల్చే కుట్ర చేశారని సిరియా ముగ్గురు అమెరికన్ దౌత్యవేత్తలను పంపించేసింది. 1958 జులైలో అమెరికా మెరైన్లు బీరూట్ సముద్రతీరంలో దిగారు, బ్రిటిష్ పారాట్రూపర్లు జోర్డాన్‌లో దిగారు. ఇంత జరిగాక కూడా ఇది అరబ్బుల ఇంటి గొడవేనా? చమురు అన్న మాట ఈ పుస్తకంలో ఎన్నిసార్లు వస్తుంది? పేద రైతు, కార్మికుడు ఎక్కడున్నారు? పది మంది నాయకుల అహంకారాలతో చరిత్ర నడిచిందంటే నేను నమ్మను.

---

విశ్రాంత_మాస్టారు

మందారం గారూ, రైతు కనపడడన్నది నిజం. పుస్తకమంతా సభలు, రేడియో ప్రసంగాలు, పత్రికా ప్రకటనలు, కుట్రలే. ఆ విమర్శకు కెర్ దగ్గర జవాబు లేదు.

మెరైన్ల సంగతి మాత్రం ఇంకోసారి చూడండి. వాళ్లను బీరూట్‌కి పిలిచింది లెబనాన్ అధ్యక్షుడు కమీల్ షమూన్. బ్రిటిష్ సైన్యాన్ని పిలిచింది జోర్డాన్ రాజు హుస్సేన్. బాగ్దాద్‌లో తన బంధువైన రాజును చంపేసిన మర్నాటి నుంచీ అతనికి కంటిమీద కునుకు లేదు. పెద్ద దేశాలు రాలేదని కెర్ ఎక్కడా అనలేదు. స్థానిక ప్రత్యర్థులు ఒకరి మీద ఒకరు గెలవడానికి వాళ్లను లోపలికి లాగారని అన్నాడు. సోవియట్ ఆయుధాలను నాసర్ అలాగే తెచ్చుకున్నాడు, అమెరికా గోధుమలనూ అలాగే తెచ్చుకున్నాడు. ఎవరు ఎవరిని వాడుకున్నారన్నది ప్రతి సందర్భంలో విడిగా తేల్చుకోవాల్సిన లెక్క.

---

ఎర్రమందారం

పిలిచింది షమూనే. రెడీగా సముద్రంలో నౌకాదళాన్ని పెట్టుకుని పిలుపు కోసం చూసింది ఎవరు? సరే, ఇక్కడ ఆపుతాను, ఈ ఒక్క పాయింటు మీదే తెల్లారిపోతుంది.

---

బే_ఏరియా_బాబాయ్

అడ్డొస్తున్నందుకు ఏమనుకోకండి. కెర్ అంటే... మా వారియర్స్ బాస్కెట్‌బాల్ జట్టు కోచ్ స్టీవ్ కెర్ వాళ్ల నాన్నా? మా అబ్బాయి పక్కనుంచి అదే అంటున్నాడు, నేను నమ్మలేదు.

---

విశ్రాంత_మాస్టారు

ఆయనే. మీ అబ్బాయి కరెక్ట్.

కెర్ కుటుంబం కథ ఒక పుస్తకానికి సరిపోతుంది. మాల్కం తండ్రి స్టాన్లీ కెర్ మొదటి ప్రపంచయుద్ధం తర్వాత టర్కీలోని మరాష్‌లో ఆర్మీనియన్ శరణార్థులకు, అనాథ పిల్లలకు సాయం చేసే పనిలో ఉన్నాడు. తర్వాత బీరూట్‌లోని అమెరికన్ విశ్వవిద్యాలయంలో బయోకెమిస్ట్రీ పాఠాలు చెప్పాడు. మాల్కం 1931లో బీరూట్‌లోనే పుట్టాడు. ప్రిన్స్‌టన్‌లో డిగ్రీ, బీరూట్‌లో ఎంఏ, జాన్స్ హాప్కిన్స్‌లో పీహెచ్‌డీ. 1962 నుంచి ఇరవయ్యేళ్లు లాస్ ఏంజెలస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పాడు. మొదటి పరిశోధన ఇస్లామిక్ సంస్కర్తలు ముహమ్మద్ అబ్దుహ్, రషీద్ రిదాల రాజకీయ, న్యాయ ఆలోచనల మీద, 1966లో పుస్తకంగా వచ్చింది. అది చదవడం కష్టం, 'కోల్డ్ వార్' లాంటి వేగం ఉండదు. ఒకే మనిషి రాశాడంటే నమ్మబుద్ధి కాదు.

1982లో ఇజ్రాయెల్ సైన్యం లెబనాన్ మీద పడింది. అదే ఏడాది జులైలో బీరూట్ విశ్వవిద్యాలయానికి తాత్కాలిక అధ్యక్షుడిగా ఉన్న డేవిడ్ డాడ్జ్‌ను క్యాంపస్‌లోంచే ఎత్తుకుపోయారు. ఆ కుర్చీలోకి కెర్ తెలిసి తెలిసి వెళ్లాడు. 1984 జనవరి 18న తన ఆఫీసు బయట వరండాలో సైలెన్సర్ తుపాకితో తల వెనక కాల్చి చంపారు. యాభై రెండేళ్లు. మేమే చేశామని ఇస్లామిక్ జిహాద్ పేరుతో ఒక ఫోన్ వచ్చింది. తర్వాత కుటుంబం అమెరికా కోర్టులో ఇరాన్ మీద కేసు వేసి గెలిచింది.

---

బే_ఏరియా_బాబాయ్

మాస్టారూ, ఇంతకాలం టీవీలో ఆయన్ని చూస్తున్నా, ఇదేమీ తెలీదు నాకు. స్టీవ్ కూడా బీరూట్‌లోనే పుట్టాడట. వాళ్ల నాన్న చనిపోయేనాటికి అరిజోనా విశ్వవిద్యాలయంలో మొదటి సంవత్సరం. మా వాడు ఇంకోటి చెప్పాడు. 1988లో అరిజోనా స్టేట్ వాళ్ల గడ్డ మీద ఆట మొదలయ్యే ముందు కొంతమంది ప్రేక్షకులు "పీఎల్ఓ, పీఎల్ఓ" అని పాలస్తీనా విమోచన సంస్థ పేరు అరుస్తూ ఆ చావును ఎత్తిపొడిచారట. స్టీవ్ ఆ మొదటి సగంలో వేసిన ఆరు త్రీ పాయింటర్లూ పడ్డాయి, ఇరవై పాయింట్లు.

పీఎల్ఓ చంపలేదు కదా ఆయన్ని? ఆ అరిచినవాళ్లకు అరబ్బు అంటే అరబ్బే, అంతా ఒకటే. మీరు మాట్లాడుకుంటున్న పుస్తకం వాళ్ల చేత చదివించాలి.

---

నిర్వాహకుడు

ఒక సభ్యుడు మతాల మీద రాసిన వ్యాఖ్య తీసేశాను. పుస్తకం గురించి మాట్లాడండి, ఎవరి దేవుడి గురించీ కాదు. థ్రెడ్ బాగుంది, కొనసాగించండి.

---

దోహా_జగిత్యాల

నమస్తే అన్నలూ. నేను పుస్తకాలు చదివినోణ్ణి కాదు, దోహాలో ఏసీ మెకానిక్‌ని. మీ థ్రెడ్ చదువుతుంటే 2017 గుర్తొచ్చింది, అందుకే రాస్తున్నా.

జూన్ 5న పొద్దున డ్యూటీకి పోతుంటే వ్యాన్‌లో అందరి ఫోన్లూ మోగుతున్నయ్. సౌదీ, ఎమిరేట్స్, బహ్రెయిన్, ఈజిప్టు నాలుగూ కతర్‌తో తెగదెంపులు చేసుకున్నయ్. రంజాన్ నెల. కతర్‌కు నేల మీద సరిహద్దు ఒక్క సౌదీతోనే ఉంది, అది మూసేశారు. సాయంత్రానికి సూపర్‌మార్కెట్‌లో ట్రాలీలు గుట్టలుగా నింపుకుంటున్నరు. పాల సెక్షన్ ఖాళీ, కోడి మాంసం ఖాళీ. మేం రోజూ తాగే లబన్ (మజ్జిగ) డబ్బా సౌదీదే. వారంలోపే టర్కీ పాలు వచ్చినయ్, డబ్బా మీద ఏం రాసుందో ఎవరికీ తెల్వదు, తెరిచి వాసన చూసి పాలా పెరుగా అని తేల్చుకునేటోళ్లం. తర్వాత కతర్ వాళ్లు విమానాల్లో ఆవులనే తెప్పించుకున్నరు.

మా రూంలో ఒక తమ్ముడికి దుబాయ్ మీదుగా హైదరాబాద్ టికెట్ ఉండె. దోహా, దుబాయ్ మధ్య ఫ్లైటే బందైతే ఏం జేస్తడు? మస్కట్ మీదుగా పోయిండు, డబ్బులు డబల్. మా కంపెనీకి అటు కూడా సైట్లు ఉండె, ఆ పైసలు ఆగిపోయి మా జీతాలు లేటైనయ్. ఇంటికి ఫోన్ చేస్తే అమ్మకు ఒకటే టెన్షన్, యుద్ధమొస్తదా బిడ్డా అని.

నాకు అర్థం కానిదేందంటే, ఆ నాలుగు దేశాలూ కతరూ అందరూ అరబ్బులే, ఏలేటోళ్లందరూ సున్నీలే, అందరూ అమెరికా దోస్తులే. అమెరికా పెద్ద బేసు దోహా పక్కన అల్ ఉదైద్‌లనే ఉంది. మరి గొడవ దేని మీద? మీ కెర్ సారు దగ్గర దీనికి జవాబుందా?

---

ఉత్తరాంధ్ర_పాఠకుడు

అన్నా, ఈ థ్రెడ్‌లో అన్నిటికన్నా పనికొచ్చే పోస్టు మీదే. కెర్ 1984లోనే పోయాడు గానీ మీ ప్రశ్న అచ్చంగా ఆయన ప్రశ్నే. అందరూ ఒకే గుంపు అయినప్పుడే ఇంత పగ ఎందుకు?

కతర్‌కు పెట్టిన పదమూడు డిమాండ్లు చూడండి. వాటిలో ఒకటి అల్ జజీరా మూసేయమని. 1950లలో, 60లలో ఇదే పని 'సౌత్ అల్ అరబ్' చేసేది. కైరో నుంచి వచ్చే ఆ రేడియో జోర్డాన్‌లో, సౌదీలో, ఇరాక్‌లో జనం ఇళ్లలోకి నేరుగా వెళ్లి, మీ రాజు ద్రోహి అని వాళ్ల భాషలోనే చెప్పేది. ట్యాంకులు అక్కర్లేదు. ఒక అరబ్ దేశంలోని ప్రసంగం ఇంకో అరబ్ దేశంలో తిరుగుబాటు పుట్టించగలదు. కతర్ మీద వాళ్ల కోపం సైన్యాన్ని చూసి కాదు. టీవీ ఛానెల్, ముస్లిం బ్రదర్‌హుడ్ అనే ఇస్లామిక్ రాజకీయ సంస్థతో స్నేహం, చిన్న దేశమై ఉండి పెద్దరికం చేయడం, ఇవీ కారణాలు.

---

సివిల్స్_పక్షి

దీన్నే "కొత్త అరబ్ ప్రచ్ఛన్న యుద్ధం" అంటున్నారు కదా? గ్రెగరీ గాస్ పేపర్ ఒకటి చదివాను, 2014ది. మాస్టారూ, కెర్, వాల్ట్, బార్నెట్, గాస్ ఈ స్కాలర్లందరినీ ఒక వరసలో పెట్టి చెప్తారా?

---

విశ్రాంత_మాస్టారు

నీ నోట్సు నేనే రాసి పెట్టాలన్నమాట! సరే.

స్టీఫెన్ వాల్ట్ 1987లో మధ్యప్రాచ్యంలోని పొత్తులనే తీసుకుని పుస్తకం రాశాడు. రాజ్యాలు ఎక్కువ బలమున్నవాడికి కాదు, ఎక్కువ ముప్పు అనిపించినవాడికి ఎదురు నిలుస్తాయంటాడు. సిద్ధాంతం గురించి చెప్పినప్పుడు కెర్ చెప్పిన సంగతే వాల్ట్ దగ్గరా కనిపిస్తుంది. ఒకే కేంద్రం, ఒకే నాయకుడు కావాలనే సిద్ధాంతం సభ్యులను కలపదు, విడగొడుతుంది. రాజులకు అలాంటి చిక్కు లేదు. ఏ రాజూ ఇంకో రాజును నీ సింహాసనం దిగు అనడు.

మైకేల్ బార్నెట్ 1998లో ఇంకో దారి పట్టాడు. అరబ్ నాయకులు ఒకరినొకరు తుపాకులతో కాదు, "అరబ్బు అంటే ఇలా ఉండాలి" అనే కట్టుబాటుతో కట్టేసుకున్నారంటాడు. బాగ్దాద్ ఒప్పందంలో చేరకపోవడం, ఇజ్రాయెల్‌తో మాట్లాడకపోవడం, ఇవన్నీ పరువుకు సంబంధించిన నియమాలు. నియమం దాటితే సొంత వీధిలోనే రాయి పడుతుంది. కెర్ కథగా చెప్పినదాన్ని బార్నెట్ సిద్ధాంతంగా చెప్పాడు. నాకు కెర్ కథే ఎక్కువ నచ్చుతుంది, అది నా బలహీనత అనుకో.

గాస్ చెప్పింది, ఇరాన్, సౌదీల పోటీని షియా, సున్నీ గొడవగా మాత్రమే చూడొద్దని. సిరియా, ఇరాక్, యెమెన్, లిబియా లాంటి చోట్ల ప్రభుత్వాలు బలహీనపడ్డాయి. పక్క దేశాలు లోపలి వర్గాలకు డబ్బు, ఆయుధాలు ఇచ్చి పోటీ పడుతున్నాయి. 1950లలో సిరియా కోసం ఈజిప్టు, ఇరాక్ పోటీ పడ్డట్టే. 2013లో ఈజిప్టులో బ్రదర్‌హుడ్ అధ్యక్షుడు మోర్సీని దింపేసిన కొద్ది రోజుల్లోనే సౌదీ, ఎమిరేట్స్, కువైట్ కలిసి 12 బిలియన్ డాలర్లు ఇస్తామన్నాయి. అంతకుముందు మోర్సీకి డబ్బు పోసింది కతర్. సున్నీలకూ సున్నీలకూ మధ్యే కదా ఇది?

తేడా ఎక్కడంటే, అప్పుడు నాసర్‌కి అన్ని దేశాల వీధుల్లోనూ జనం ఉన్నారు. ఇప్పుడు అలాంటి మనిషి ఎవరూ లేరు. ఇప్పుడున్నది చెక్కు పుస్తకం. ఈ పాతికేళ్లలో సౌదీ యువరాజు ఫొటో పక్క దేశంలో ఎవరైనా ఇంట్లో గోడకు తగిలించుకున్నారా? నాసర్ ఫొటో తగిలించుకున్నారు.

---

బార్కస్_చావుష్

సలాం అందరికీ. తెలుగు మీడియంలోనే చదివా, తప్పులుంటే చూసీ చూడనట్టు వదిలేయండి.

మా తాతల ఊరు యెమెన్‌లోని హద్రమౌత్. నిజాం సైన్యంలో పని చేయడానికి వచ్చి హైదరాబాద్‌లోనే ఉండిపోయారు. బార్కస్‌లో సగం ఇళ్ల కథ ఇదే. హద్రమౌత్‌లో ముకల్లా, షిహ్ర్ రేవులను ఏలిన ఖువైతీ సుల్తానుల బలం కూడా హైదరాబాద్‌లో సంపాదించిన డబ్బు, జమేదారీ హోదా నుంచే వచ్చింది. 1967లో బ్రిటిష్ వాళ్లు ఏడెన్ వదిలి వెళ్తుంటే నేషనల్ లిబరేషన్ ఫ్రంట్ వచ్చి ఆ సుల్తాను రాజ్యాన్ని ఎత్తేసింది.

అక్కడ కూడా మీరు చెప్పే కథే జరిగింది. బ్రిటిష్ వాళ్ల మీద పోరాడుతున్న రెండు గుంపులు, నేషనల్ లిబరేషన్ ఫ్రంట్, ఫ్లోసీ. రెండూ మొదట నాసర్ నీడన పెరిగినవే. చివరికి ఏడెన్ వీధుల్లో ఒకరినొకరు కాల్చుకున్నారు. నాసర్ వెనకేసుకొచ్చింది ఫ్లోసీని. గెలిచింది మాత్రం నేషనల్ లిబరేషన్ ఫ్రంట్. ఉత్తర యెమెన్‌లో ఈజిప్టు సైన్యం ఎంతమంది ఉన్నారో కెర్ రాశారా?

---

ఉత్తరాంధ్ర_పాఠకుడు

భాయ్, ఈ హైదరాబాద్ లంకె నాకు కొత్త. ఫ్లోసీ సంగతి చదువుతుంటే ఖాసిం కథే మళ్లీ జరిగినట్టుంది.

యెమెన్‌లో 1962 సెప్టెంబర్ 26న రాజుగా ఏలుతున్న ఇమామ్‌ను దింపి రిపబ్లిక్ ప్రకటించారు. నాసర్ సాయానికి సైన్యం పంపాడు, సౌదీ ఇమామ్ మనుషులకు డబ్బు, ఆయుధాలు ఇచ్చింది. మొదట కొద్దిమందితో మొదలై ఒక దశలో డెబ్బై వేల దాకా ఈజిప్టు సైనికులు అక్కడ ఉన్నారని అంచనాలు. 1967 జూన్‌లో ఇజ్రాయెల్‌తో యుద్ధం వచ్చేనాటికి ఈజిప్టు సైన్యంలో పెద్ద భాగం ఇంకా యెమెన్ కొండల్లోనే ఉంది.

ఆ యుద్ధం గురించి కెర్ అన్న మాట ఒకటి నన్ను వదలట్లేదు. అరబ్ ప్రభుత్వాలు కలిసుండాలనుకున్నప్పుడు పాలస్తీనా మీద ఏమీ చేయకుండా ఉండాలని ఒప్పుకుంటాయట. కొట్టుకోవాలనుకున్నప్పుడు పాలస్తీనానే ఆయుధంగా తీస్తాయట. 1964 జనవరిలో నాసర్ కైరోలో శిఖరాగ్ర సభ పెట్టింది జోర్డాన్ నది నీళ్లను ఇజ్రాయెల్ మళ్లిస్తోందని. బయటికి పోరాట సన్నాహం. అసలు పని, సిరియా ఒంటరిగా దూకి తనను యుద్ధంలోకి ఈడ్చకుండా చూసుకోవడం. మూడేళ్ల తర్వాత పొత్తు చెడింది. ఐక్యరాజ్యసమితి సైన్యం చాటున దాక్కున్నావని జోర్డాన్, సౌదీ రేడియోలు నాసర్‌ను దెప్పిపొడిచాయి. 1967 మేలో అతను ఆ సైన్యాన్ని పంపించేశాడు, ఇజ్రాయెల్ ఓడలు వెళ్లే తిరాన్ జలసంధి మూసేశాడు. ఒకరి కన్నా ఒకరు గట్టిగా అరిచే పోటీలో చివరికి ఎవరూ వెనక్కి తగ్గలేకపోయారు.

మూడో కూర్పు ముందుమాటలో కెర్ గొంతే మారిపోతుంది. 1967 జూన్ తర్వాత అరబ్ రాజకీయాల్లో సరదా పోయిందని రాస్తాడు. అంతకుముందు ప్రిన్స్‌టన్, కొలంబియా జట్లు బురదలో ఫుట్‌బాల్ ఆడుకున్నట్టుండేదట. ఆపైన నోట్రెడామ్ లాంటి జట్టుతో ఆటకు ఒప్పుకుని కాళ్లు విరగ్గొట్టుకున్నారట. అమెరికా కాలేజీ మనిషి కదా.

---

ఎర్రమందారం

ఆ పోలికే నాకు మింగుడు పడదు. లక్షల మంది శరణార్థులయ్యారు, ఈయనకు ఫుట్‌బాల్ గుర్తొచ్చింది. ఎడ్వర్డ్ సయీద్ 1978లో 'ఓరియెంటలిజం'లో అడిగిందే ఇది. చూసేవాడు ఎక్కడ కూర్చుని చూస్తున్నాడు? స్టేడియంలోనా, మైదానంలోనా? కెర్ ఆ పుస్తకాన్ని సమీక్షిస్తూ, సయీద్ ప్రాసిక్యూటర్‌లా రాశాడని, మంచి పుస్తకం కావలసినదాన్ని పాడుచేసుకున్నాడని అన్నాడు. సయీద్ ఏకిపారేసిన ప్రాచ్య పండితుడు హామిల్టన్ గిబ్ దగ్గర కెర్ పని చేశాడని కూడా గుర్తుపెట్టుకోవాలి.

---

విశ్రాంత_మాస్టారు

గొంతులో ఆ వెటకారం ఉంది, కాదనను. కానీ స్టేడియంలో కూర్చున్నాడనే మాట కెర్‌కి అతకదు. బీరూట్‌లో పుట్టినవాడు, ఆ ఊళ్లోనే చచ్చిపోయాడు.

మీకు ఎత్తిచూపడానికి ఫవాద్ అజామీ ఇంకా బాగా దొరుకుతాడు. దక్షిణ లెబనాన్‌లోని అర్నూన్‌లో పుట్టిన షియా. 1978లో "పాన్ అరబిజం (అరబ్బులందరూ ఒక్కటే అనే వాదం) అంతమైంది" అని వ్యాసం రాసి పెద్ద దుమారం రేపాడు. కెర్ కలహాన్ని చూశాడు, అజామీ శవాన్ని చూశాడు. 2003లో ఇరాక్ మీద అమెరికా యుద్ధాన్ని గట్టిగా సమర్థించాడు. లోపలివాడు కాబట్టి సరిగ్గా చూస్తాడనీ లేదు, బయటివాడు కాబట్టి తప్పుగా చూస్తాడనీ లేదు.

---

ఎర్రమందారం

అజామీ విషయంలో మీతో గొడవ లేదు :) 2003 తర్వాత ఆయన రాతలు ఎవరికి ఉపయోగపడ్డాయో అందరికీ తెలుసు.

కెర్‌ను నేను పూర్తిగా తీసిపారేయను. 1967 ఆగస్టు చివర్లో మొదలైన ఖార్టూమ్ సభ గురించి మీరెవరూ మాట్లాడలేదు. అక్కడ నాసర్, సౌదీ రాజు ఫైసల్ రాజీపడ్డారు. యెమెన్ నుంచి ఈజిప్టు వెనక్కి రావాలి. సౌదీ, కువైట్, లిబియా కలిసి ఈజిప్టుకూ జోర్డాన్‌కూ ఏటా 13 కోట్ల 50 లక్షల పౌండ్లు ఇవ్వాలి. అందరికీ గుర్తున్నది ఇజ్రాయెల్‌తో శాంతి లేదు, గుర్తింపు లేదు, చర్చల్లేవు అనే మూడు "లేదు"లే. అసలు మార్పు ఆ పౌండ్లలో ఉంది. రాజులను దించుతానన్నవాడు రాజుల దగ్గర నెలజీతం తీసుకోవడం మొదలుపెట్టాడు. ఆర్థికం పట్టదని నేను తిట్టిన కెర్ 1982లో ఈజిప్టు పండితుడు సయ్యద్ యాసీన్‌తో కలిసి సంపన్న, పేద అరబ్ దేశాల మీద ఒక సంకలనం తెచ్చాడు. చమురు డబ్బు ఈజిప్టు స్థానాన్ని ఎలా కిందికి దించిందన్నదే దాని విషయం. జగిత్యాల అన్న జీతం లేటైన కథ అక్కడ మొదలవుతుంది, నాసర్ రేడియోలో కాదు.

---

దోహా_జగిత్యాల

మందారం అన్నా, ఆ మాట కరెక్ట్. మా దగ్గర ఈజిప్టు వాళ్లు చాలామంది ఉన్నరు, టీచర్లు, ఫోర్‌మెన్లు. మా ఈజిప్టు ఫోర్‌మెన్‌కు 2017లో మాకన్నా ఎక్కువ భయముండె, వాళ్ల దేశం అటు పక్క చేరింది కదా, పంపించేస్తరేమో అని. పంపలేదు. 2021 జనవరిలో సౌదీలోని అల్ ఉలాలో రాజీ సంతకాలైనంక సరిహద్దు తెరిచిండ్రు. మళ్లీ సౌదీ లబన్ వచ్చింది, కానీ కతర్ పాలు అలవాటైపోయినయ్ జనానికి.

1990లో కువైట్ గొడవప్పుడు మా పెదనాయన జోర్డాన్ మీదుగా వచ్చిండు, అమ్మాన్ నుంచి విమానం. ఇరాక్ వైపు మాట్లాడిందని యెమెన్ మీద కోపంతో సౌదీ అప్పుడు లక్షల మంది యెమెన్ వాళ్లను వెళ్లగొట్టిందట కదా? బార్కస్ భాయ్‌కి తెలిసుంటది.

---

బార్కస్_చావుష్

అవును భాయ్. దాదాపు ఎనిమిది లక్షల మంది అంటారు. మా దూరపు చుట్టాలు జెడ్డాలో దుకాణం అమ్ముకుని వచ్చేశారు, అమ్మడం అంటే చేతికొచ్చిన రేటుకి వదిలేయడమే.

---

సివిల్స్_పక్షి

నోట్సు రాసుకున్నా. చివరగా ఒకటి, ఏ కూర్పు చదవాలి? మొత్తం చదివే టైం లేదు, మెయిన్స్ దగ్గరపడింది.

---

ఉత్తరాంధ్ర_పాఠకుడు

మూడోదే చదువు. 1965 కూర్పులో 1967 యుద్ధం ఉండదు, రెండోది ఆ యుద్ధం దగ్గరే ఆగిపోతుంది. టైం లేకపోతే ముందుమాట, 1963 కైరో చర్చల అధ్యాయం, చివరి అధ్యాయం చాలు. చివరి దాంట్లో 1970 సెప్టెంబర్ ఉంది. జోర్డాన్ సైన్యానికీ పాలస్తీనా గెరిల్లాలకూ మధ్య యుద్ధం, హుస్సేన్, అరాఫత్‌లను కైరోలో కూర్చోబెట్టి నాసర్ రాజీ చేయించడం, మర్నాడే గుండెపోటుతో పోవడం. ఆ రోజు సెప్టెంబర్ 28. సిరియా విడిపోయిన తేదీ కూడా అదే, తొమ్మిదేళ్ల తేడా. పేర్లు కలగాపులగం అవుతాయి, సిరియా సైనికాధికారుల పేర్లు ఒక కాగితం మీద రాసి పక్కన పెట్టుకో. నేనూ అలాగే చదివాను.

---

విశ్రాంత_మాస్టారు

పరీక్షలో "కెర్ ప్రకారం" అని మొదలుపెట్టి వాల్ట్ చెప్పింది రాయకు. నేను దిద్దిన పేపర్లలో సగం అలాగే ఉండేవి.